బొమ్మల పెట్టె

చిన్నతనంలో మొదటి మూడేళ్ల సంగతులు దాదాపుగా ఎవరికీ గుర్తుండవు. ఎప్పుడు నడక వచ్చింది, ఎక్కడ పడి నుదురు చిట్లింది, ఎవరి చంకనెక్కి ఏ తిరునాళ్లకు వెళ్లింది అన్నవి అమ్మో అమ్మమ్మో చెబితే తెలియాల్సిందే. తర్వాతి ఏళ్లవి మిగులుతాయి గానీ వరసగా మిగలవు. ఒక వాసన, ఒక దెబ్బ, ఒక పండగ పూట, నడుమ అంతా ఖాళీ. మిగిలినవాటినీ చెప్పుకుంటున్నకొద్దీ తెలియకుండానే మార్చుకుంటూ పోతామని ఇంగ్లండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ 1932లో వెలువరించిన పుస్తకంలో చూపించాడు. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మనసు ఆ సంగతిని కొత్తగా అల్లుకుంటుంది. అల్లికకు ఏదో ఒక ఆధారం కావాలి. చేతికి తగిలే బొమ్మ, చెవిన పడే కథ, ఏటేటా అదే రోజున చేసే పని అలాంటి ఆధారాలు. తెలుగు ఇళ్లలో బాల్యం ఇన్ని తరాలు నిలిచిందంటే వీటిని దాచిపెట్టినందుకు కాదు, పదేపదే బయటికి తీసినందుకు.

ఆ బొమ్మల్లో పేరుమోసినవి కొండపల్లివి. విజయవాడ పక్కనున్న కొండపల్లి ఊళ్లో ఆర్యక్షత్రియులని పిలిచే కుటుంబాలు వీటిని చేస్తూ వస్తున్నాయి. తమ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వలస వచ్చారని వాళ్లు చెప్పుకుంటారు. బొమ్మకు కావలసింది తెల్లపొణికి కర్ర. చెక్కడానికి మెత్తగా ఉంటుంది, తూకానికి తేలిక, చుట్టుపక్కల కొండల్లో దొరుకుతుంది. దాన్ని ఎండబెట్టి, సన్నని సెగ మీద కాచి, లోపలి చెమ్మంతా పోయాక చెక్కుతారు. చేతులూ కాళ్లూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు. పైన సున్నపు పూత, ఆ పూత మీద రంగులు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, రోకలి పట్టుకుని దంచే ఆడవాళ్లు, బావి దగ్గర బిందెలు. ఊరి బతుకంతా జానెడు పలక మీద సర్దుకుంటుంది.

ఏటికొప్పాక బొమ్మల తయారీ వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణి పట్టి గుండ్రంగా తీస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఒరిపిడికి పుట్టిన వేడిలో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గుండ్రంగా తిరిగేది ఏదైనా ఇక్కడ బొమ్మవుతుంది. బొంగరం, గిలక, కుంకుమ భరిణె, అన్నిటికీ మించి లక్కపిడతలు. నడుమ కొన్నాళ్లు రసాయన రంగుల వాడకం పెరిగిన చోట మళ్లీ చెట్ల రంగుల్ని నిలబెట్టడానికి పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి వెళ్లే వస్తువు గనుక ఆ పట్టుదలలో అందం కోసం ఎంత ఉందో ఆరోగ్యం కోసమూ అంతే ఉంది. నిర్మల్‌లోనూ పొణికి కర్రతోనే పండ్లూ జంతువులూ చేస్తారు. అసలు సీతాఫలం అనుకుని చెయ్యి చాచేంత నిజంగా ఉంటాయవి.

లక్కపిడతల సెట్టును నేలమీద పరిచి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. అందులో పొయ్యి, తిరగలి, రోలు, పొత్రం, కవ్వం, గుండిగ, పీట, గరిటె అన్నీ ఉంటాయి. ఇవాళ్టి వంటగదిలో వీటిలో సగం లేవు. కట్టెల పొయ్యిని గ్యాసు పొయ్యి మింగింది, రోటినీ తిరగలినీ మిక్సీ మింగింది. అయినా బొమ్మల సెట్టులో తిరగలి తిరుగుతూనే ఉంది. ఇంట్లో వస్తువుకు ఆయుష్షు తీరాక కూడా దాని బొమ్మ బతికి ఉంటుంది. అపార్టుమెంటులో పెరిగే అమ్మాయి కందులను తిరగలిలో విసురుతారన్న సంగతి తెలుసుకునేది చాలాసార్లు ఈ వేలెడంత చెక్కముక్క వల్లనే. కొండపల్లి ఎడ్లబండి సంగతీ అంతే. బండి కట్టే ఇల్లు ఊళ్లో ఒక్కటి లేకపోయినా షోకేసుల్లో బండ్లు మాత్రం తరగలేదు. అయితే షోకేసులో పెట్టి తాళం వేసిన బొమ్మ తనంతట తాను ఏమీ చెప్పదు. పక్కనెవరైనా నిలబడి ఇది ఫలానా, దీన్ని ఇలా తిప్పేవాళ్లం అంటే తప్ప అది కొన్నాళ్లకు ఉత్త అలంకారమైపోతుంది. ఈ చిక్కును తెలుగు ఆడవాళ్లు ఏనాడో విప్పేశారు, బొమ్మల కొలువు పెట్టి.

కోస్తాలో కొలువు ఎక్కువగా సంక్రాంతికి పెడతారు, కొన్ని ఇళ్లలో దసరాకి. భోగి నాడు అటక మీదినుంచి ట్రంకు పెట్టె దిగుతుంది. పాత చీర ముక్కల్లో, పత్రికల కాగితాల్లో చుట్టిన బొమ్మలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. చెక్కబల్లలతో, డబ్బాలతో బేసి లెక్కన మెట్లు కట్టి, పైన తెల్లని దుప్పటి పరిచి సర్దుతారు. దేవుళ్లు పైమెట్టు మీద, పెళ్లివారూ ఊరివారూ కిందిమెట్ల మీద, అన్నిటికంటే కింద ప్లాస్టిక్ కారో మూతిలేని కుక్కో ఎక్కడో ఒకచోట ఇరుకుతాయి. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది నియమం. సాయంత్రం పేరంటం, హారతి, పసుపు కుంకుమలు, శనగలు. పిల్లకు భోగిపళ్లు పోసేదీ ఆ కొలువు ముందే. రేగిపళ్లు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు తలమీంచి జారి పడుతుంటే మిగతా పిల్లలు ఏరుకుంటారు.

భక్తి మాట అలా ఉంచితే, కొలువంటే ఇంటి చరిత్రను ఏటా ఒకసారి దుమ్ము దులపడం. బొమ్మ విప్పుతున్నప్పుడు పెద్దావిడ ఊరుకోదు. ఈ రాధాకృష్ణులు మీ తాతయ్య తిరుపతి నుంచి తెచ్చినవి, ఈ చిలక మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు కొన్నది, దీని చెయ్యి విరగ్గొట్టింది మీ మేనమామ, అంటూ సాగుతుంది. విరిగిన చెయ్యే ఎక్కువ కథ చెబుతుంది. ఏడాదికి ఒక బొమ్మ చొప్పున చేరుతుంటాయి గనుక మెట్ల మీద కాలం కూడా వరసగా కూర్చుంటుంది. పుట్టుకలు, కాశీయాత్రలు, బదిలీలు, ఒక్కోసారి ఏ బొమ్మా కొనలేని ఏడు కూడా. ఏ రాతపుస్తకమూ లేకుండా, చదువు రాని ఇళ్లల్లో సైతం నడిచిన దస్తావేజిది. హైదరాబాదు ఫ్లాట్లలోనూ, అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలోనూ ఇప్పటికీ కొలువులు పెడుతున్నారు. విమానంలో బరువు లెక్క చూసుకుంటూ బట్టల మధ్య కుక్కి తీసుకెళ్లిన కొండపల్లి పెళ్లికూతురు అక్కడి మెట్టు మీద నిలబడుతుంది.

ఒకప్పుడు తెలుగు పిల్లల్లో ఎక్కువమందికి మాత్రం కొన్న బొమ్మలు తెలియవు. వాళ్లవి దొరికిన బొమ్మలు. వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటిబుర్రల్ని ఒక పుల్లకు చెరోవైపు గుచ్చి, పంగల కర్ర ఆనించి తోసుకుపోతే అది బండి. కొబ్బరాకుతో వాచీ, కళ్లజోడు, బూర. జొన్నదంటు చీల్చి లోపలి బెండుతో ఎడ్లు, పై బద్దతో కాడి. తాటాకు మడిచి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. చెరువు గట్టున నల్లమట్టితో గిత్తలు, పశువులు కాసే పిల్లలు ఎండబెట్టుకుని సాయంత్రానికి అక్కడే వదిలేసి వచ్చేవి. సైకిలు టైరు, ఖాళీ అగ్గిపెట్టెలకు దారం కట్టిన టెలిఫోను, సిగరెట్టు పెట్టెల అట్టలు. ఇవేవీ వారం మించి నిలవవు. తాటిబుర్ర ఎండి ముడుచుకుపోతుంది, కొబ్బరాకు వాచీ మర్నాటికి వాడిపోతుంది. దాచుకోవడానికి వస్తువే లేదు.

అలాంటప్పుడు ఇవి ఎలా నిలిచాయి? చేతుల్లో నిలిచాయి. అన్న చేస్తుంటే తమ్ముడు చూసి నేర్చుకున్నాడు, వాడిని చూసి పక్కింటివాడు. ఏటా ముంజల కాలం రాగానే బండి మళ్లీ పుడుతుంది. వస్తువు నిలవనందువల్లే పని బతికింది. ఎప్పటికప్పుడు చేసుకోవలసిందే గనుక చేయడం ఎవరూ మరవలేదు. పాడవని ప్లాస్టిక్ బొమ్మకు ఈ గుణం లేదు, దాన్ని ఎలా చేస్తారో దానితో ఆడుకున్న పిల్లలకెవరికీ తెలియదు. ఈ పనితనానికి ఉన్న బలహీనతా అదే చోట ఉంది. ఒక్క తరం పిల్లలు ఏ వేసవికీ ఊరికి పోకపోతే గొలుసు అక్కడితో తెగిపోతుంది. కొండపల్లి బొమ్మను వందేళ్ల తర్వాత కూడా అద్దాల పెట్టెలో చూడవచ్చు. ముంజకాయ బండిని చూపాలంటే తోసేవాడు కావాలి.

ఆటలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. వామనగుంటల పీటకు వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, అందులో చింతపిక్కలు. అష్టాచెమ్మకు నేలమీద గీసిన గళ్లు, నాలుగు గవ్వలు. పీట లేనివాళ్లు నేలలోనే గుంటలు తవ్వుకునేవారు. చాలా పాత గుళ్ల మండపాల్లో రాతినేల మీద ఇలాంటి గళ్లూ గుంటలూ ఈనాటికీ కనిపిస్తాయి. శాసనం చెక్కించిన రాజు పేరు పండితుడు చదివితే గానీ తెలియదు. ఆ పక్కనే ఎవరో కుర్రవాళ్లు గీసుకున్న గడిని చదవడానికి ఏ పండితుడూ అక్కర్లేదు, కూర్చుని గవ్వలు వేస్తే చాలు. కర్రాబిళ్ల, గూటీబిళ్ల, చిర్రగోనె అంటూ ప్రాంతానికొక పేరున్న ఆట నియమాలు ఊరు దాటితే మారతాయి. వాటి గురించి పడే తగాదాలే సగం ఆట.

కథల విషయానికొస్తే, పసివాళ్లకు చెప్పే కథ నిలవడానికి ముఖ్య కారణం పిల్లల పట్టుదల. ఏడు చేపల కథలో వరస తప్పినా, నిన్న చెప్పిన రాజకుమారుడి గుర్రం ఇవాళ రంగు మారినా పిల్ల ఊరుకోదు, అలా కాదంటూ సరిదిద్దుతుంది. ఆ వయసులో కొత్తదనం కంటే చెప్పిందే మళ్లీ చెప్పించుకోవడం ఇష్టం. వినేవాళ్లు ‘ఊఁ’ కొట్టాలన్నది తెలుగు కథకు మరో కట్టుబాటు. ఊకొట్టడం ఆగిందంటే నిద్ర పట్టిందని గుర్తు, కథ అక్కడికక్కడ ఆగిపోతుంది. అందుకే చాలామందికి కథల మొదళ్లు తెలిసినంత బాగా చివరలు తెలియవు. పేదరాశి పెద్దమ్మ ఇంట్లో రాజకుమారుడు దిగేదాకా అందరూ చెప్పగలరు, ఆ తర్వాత ఎవరి కథ వారిది. ప్రయాణాల్లో పొద్దుపుచ్చే కథలను మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలుగా కూర్చారు. కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడు వెంట వచ్చిన పశువుల కాపరి కుర్రాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలి, లేకపోతే వాడు కదలడు. అంటే అక్కడ కూడా కథను నడిపించింది వినేవాడి మొండితనమే.

అచ్చు వచ్చాక నోటికథలు కొన్ని కాగితానికెక్కాయి. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని సంపాదకత్వ బాధ్యత మోసింది కొడవటిగంటి కుటుంబరావు. పెద్దల కోసం పదునైన కథలు రాసిన ఆయనే పిల్లల కథల్లో వాక్యాన్ని నీళ్లంత తేటగా ఉంచాడు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా గీసిన బొమ్మలు, భుజాన శవంతో చేత కత్తితో చెట్టు దగ్గరినుంచి నడిచివచ్చే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్, ఇవి లేకుండా రెండు మూడు తరాల తెలుగు బాల్యాన్ని తలుచుకోలేము. చందమామ ఆగిపోయి చాలా ఏళ్లయినా పాత సంచికలను ఏడాదివారీగా అట్టకట్టించి దాచుకున్న ఇళ్లున్నాయి. సీరియల్ పేజీలు విడిగా చింపి బైండు చేసుకున్నవాళ్లున్నారు. అంతకుముందే 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాల పత్రిక తెచ్చారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలకు తెలిసిన ఆ ఇద్దరూ పిల్లల గొంతుల్నే రేడియోలో వినిపించారు. చందమామ పెద్దలు పిల్లలకు చెప్పిన కథైతే, బాలలో పిల్లలు కూడా రాశారు, గీశారు. జ్ఞాపకాల లెక్కలో ఈ తేడా చిన్నది కాదు.

రోజువారీ బతుకు అన్నిటికంటే త్వరగా మరపున పడుతుంది, ఎందుకంటే దాన్ని దాచాలని ఎవరికీ తోచదు. పలకను దొండాకూ బొగ్గూ రుద్ది నల్లగా చేసుకోవడం, దొంగతనంగా బలపం నమలడం, ఆవకాయ కలిపిన రోజున జాడీ అడుగున మిగిలిన పిండిలో వేడన్నం వేసి కలిపిన ముద్ద కోసం వరసగా కూర్చోవడం, భోగికి నెల ముందునుంచే పేడతో చిన్న పిడకలు తట్టి దండ గుచ్చడం. తెలంగాణలో బతుకమ్మకు ముందు ఆడపిల్లలు బొడ్డెమ్మను మట్టితో మెట్లుమెట్లుగా చేసి ఆడతారు, గునుగు, తంగేడు పూల కోసం పొద్దున్నే గుంపుగా చేలవెంట తిరుగుతారు. పండగ ఉన్నచోట పని గుర్తుంటుంది, ఏటా ఆ తేదీ వచ్చి అదే పని చేయిస్తుంది. పండగతో ముడిపడని పలక, బలపం లాంటివి మాత్రం ఎవరైనా రాసిపెడితేనే మిగులుతాయి.

రాసిపెట్టినవాళ్లలో ముళ్లపూడి వెంకటరమణది ప్రత్యేకమైన దారి. ఆయన బుడుగు పిల్లవాడి గురించి పెద్దవాడు చెప్పింది కాదు, పిల్లవాడే చెబుతున్నట్టు రాసింది. బాపు గీతలతో కలిసి అందులో 1950ల నాటి మధ్యతరగతి ఇల్లు మొత్తం కనబడుతుంది. బాబాయి, బామ్మ, ప్రైవేటు మాష్టారు, పక్కింటి సీగానపెసూనాంబ. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ గోదావరి పల్లెల్లో వైదిక కుటుంబపు కుర్రవాడి చదువునూ తిండినీ తగాదాలనూ పూసగుచ్చినట్టు చెబుతుంది. చిత్తూరు యాసలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన పచ్చనాకు సాక్షిగా, కావలిలోని ముస్లిం ఇంటి పిల్లవాడి కళ్లతో ఖదీర్‌బాబు రాసిన దర్గామిట్ట కతలు వచ్చాక గానీ తెలుగు బాల్యమంటే ఒకే తరహా ఇంటిది కాదని పాఠకులకు గట్టిగా తెలిసిరాలేదు. ఇవి యాసలో ఉండటం సొగసు కోసం కాదు. ఆ అమ్మ తిట్టిన తిట్టు ఆ యాసలో తప్ప మరోలా వినబడదు.

బాల్యమంటే ముంజకాయ బండీ వెన్నెల్లో గోరుముద్దలూ అని మురిసిపోయే రచనలు పత్రికల్లో కొల్లలు. అవి అబద్ధాలు కావు గానీ, అందరి నిజాలూ కావు. చెరువుగట్టున మట్టి గిత్తలు చేసిన పిల్లవాడు అక్కడ ఉన్నది ఆట కోసం కాదు, బడికి పోవలసిన వయసులో ఇంకొకరి పశువులు కాయడానికి. తాటాకు బొమ్మల పెళ్లి చేసే వయసులోనే నిజంగా పెళ్లయిపోయిన అమ్మాయిలున్నారు. పసితనంలోనే పెళ్లై, పసితనంలోనే వితంతువైన కొండపల్లి కోటేశ్వరమ్మ నిర్జన వారధి చదివితే బొమ్మల పెళ్లి పాటలు వేరే రకంగా వినిపిస్తాయి. తెలంగాణలో ఒక దళిత కుటుంబం రైల్వే బతుకులోకి, అక్కణ్నుంచి చదువులోకి నడిచిన తీరును వై.బి. సత్యనారాయణ చెప్పిన మా నాయన బాలయ్యలోనూ పిల్లలున్నారు, అయితే వాళ్ల చేతుల్లో లక్కపిడతలు లేవు. బొమ్మలూ కథలూ దాచేటప్పుడు వీటినీ కలిపి దాచకపోతే మిగిలేది బాల్యం బొమ్మ మాత్రమే.

ఇవాళ్టి ఇళ్లలో దాచడానికి లోటు లేదు. పుట్టిన గంట నుంచీ పిల్లల ఫొటోలు ఫోన్లలో వేలకొద్దీ ఉంటాయి. ఎక్కువైనందువల్లే వాటిని ఎవరూ తీసి చూడరు. కొలువు పెట్టెలో పాతిక బొమ్మలుంటే ప్రతిదానికీ ఒక మాట దక్కేది. దీనికి ఇంట్లో చేయగలిగింది చాలా సాదా పని. ఏడాదికి పది ఫొటోలు ఏరి అచ్చు వేయించి, వెనక తేదీ, ఊరు, ఎవరెవరో రాయడం. బొమ్మ చుట్టిన గుడ్డలోనే దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో ఒక చీటీ పెట్టడం. అమ్మమ్మ కథ చెబుతున్నప్పుడు ఫోనులో గొంతు రికార్డు చేయడం, అదీ ఆవిడను ఒంటరిగా కూర్చోబెట్టి కాకుండా ఎదురుగా ఊకొట్టే పిల్లను పెట్టి. శ్రోత లేని కథ సగంలోనే చప్పబడిపోతుంది. యాసను, పిల్లకు తెలియని మాటలను దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. ఏ ఆట ఎలా ఆడేవారో అడిగితే పెద్దలు సరిగా చెప్పలేరు గానీ, గవ్వలు చేతికిస్తే వేళ్లు వాటంతటవే చెబుతాయి.

చెక్కబొమ్మల సంరక్షణ తెలుసుకుంటే వచ్చేదే. కొండపల్లి బొమ్మకు చెమ్మ శత్రువు. నీళ్లతో కడిగితే రంగూ సున్నపు పూతా లేచిపోతాయి, అందుకని మెత్తని పొడిగుడ్డతోనో కుంచెతోనో దుమ్ము దులపాలి. ఎండలో ఎక్కువసేపు ఉంచితే రంగు వెలుస్తుంది. లక్కబొమ్మను పొయ్యి దగ్గర పెట్టకూడదు, వేడికి లక్క మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. పురుగు పట్టకుండా పెట్టె అడుగున ఎండిన వేపాకు పరిచి, ప్రతి బొమ్మనూ విడిగా నూలుగుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మ లోపలే నిలిచిపోతుంది. విరిగిన చెయ్యిని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ఇంట్లోనే అతికించుకోవచ్చు. రంగు మాత్రం మళ్లీ వేయించకపోవడమే మంచిది, ఏ పిల్ల ఏ ఏడు ఎక్కడ పట్టుకుని ఆడిందో ఆ అరిగిన చోట్లే చెబుతాయి.